పెన్న ఒడ్డున ఆకాశం – 5: నాలుగు నిమిషాల తేడా

కిందటి భాగాన్ని గౌరిబిదనూరు నేలలో ఆపాం. ట్రాంబే అణుశక్తి సంస్థ వాళ్ళు 1965లో బ్రిటిష్ నిపుణులతో కలిసి అక్కడి రాతినేలలో భూకంపమాపకాలు పాతడం, ప్రపంచంలో ఇంకో మూల భూమి కింద బాంబు పేలితే ఆ వణుకు ఇక్కడి దాకా వచ్చి సూదిని కదిలించడం చెప్పుకున్నాం. వాళ్ళ తంటా అంతా ఒక్కటే. వచ్చిన వణుకు భూమిదా, మనిషిదా? బాంబయితే చుట్టూ ఉన్న నేలను అన్ని పక్కలకూ ఒకేసారి బయటికి తోస్తుంది. భూకంపమైతే ఒక పక్క తోస్తుంది, ఇంకో పక్క లాగుతుంది. ఆ తేడాను పట్టుకోవడమే వాళ్ళ విద్య.

పదేళ్ళు గడిచాయో లేదో, అదే ఊరి పొలిమేరకు ఇంకో గుంపు వచ్చింది. అడిగే ప్రశ్న అదే. కాకపోతే వీళ్ళు చెవిని పైకి తిప్పారు.

గౌరిబిదనూరు కర్ణాటకది కదా, హిందూపురం కథలోకి ఎందుకొచ్చింది అనిపించవచ్చు. బెంగళూరు నుంచి రైలెక్కితే గౌరిబిదనూరు దాటగానే హిందూపురం, ఆ తరువాత పెనుకొండ, చివరికి ధర్మవరం జంక్షను. నంది కొండల్లో పుట్టిన పెన్న కూడా గౌరిబిదనూరు మీదుగానే హిందూపురం వైపు దిగుతుంది. సరిహద్దు గీసిన సంగతి నదికీ తెలియదు, రేడియో తరంగానికీ తెలియదు. మన కథకు అక్కరకొచ్చేది ఆ రెండోదే.

1970ల్లో బెంగళూరులో రెండు సంస్థలు, వాటికి ఇద్దరు సారథులు. భారతీయ ఖగోళ భౌతిక సంస్థకు వైను బప్పు. హైదరాబాదులో నిజామియా అబ్జర్వేటరీ నీడలో పెరిగి, నిజాం కాలేజీలో చదువుకున్న మనిషి. రామన్ పరిశోధనా సంస్థకు వి. రాధాకృష్ణన్, సర్ సి.వి. రామన్ గారి కుమారుడు. ఒకాయనది కంటికి కనిపించే వెలుగు లోకం, ఇంకొకాయనది రేడియో లోకం. ఈ రెండు సంస్థలూ కలిసి గౌరిబిదనూరులో ఒక రేడియో టెలిస్కోపు నిలబెట్టాయి. దాని వెనుక ఏళ్ళ తరబడి చాకిరీ చేసినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు సి.హెచ్.వి. శాస్త్రి. 1976 నాటికి అది పనిలోకి వచ్చింది.

టెలిస్కోపు అనగానే గుండ్రటి గోపురమో, ఆకాశానికి పట్టిన పెద్ద పళ్ళెమో ఊహించుకుంటాం. ఇక్కడ ఆ రెండూ లేవు. తూర్పు పడమరలుగా దాదాపు 1.4 కిలోమీటర్ల చెయ్యి. దాని నడుమ నుంచి దక్షిణానికి 450 మీటర్ల ఇంకో చెయ్యి. పైనుంచి చూస్తే ఇంగ్లీషు టి అక్షరం. ఒక చేతిలో 640, ఇంకో చేతిలో 360, మొత్తం వెయ్యి తీగ యాంటెన్నాలు. దూరం నుంచి చూస్తే ఎవరో ఆసామి ద్రాక్షతోటకు పందిరి వేయిస్తున్నాడనుకోవాలి.

ఈ పందిరి వెనుక పేదదేశపు గడుసుతనం ఉంది. చిన్న తరంగాలను పట్టాలంటే అద్దంలా నునుపైన లోహపు పళ్ళెం కావాలి, దానికి కోట్లు కావాలి. ఇక్కడ ఎంచుకున్నది 34.5 మెగాహెర్ట్జ్. ఆ తరంగం పొడవు 8.7 మీటర్లు, ఒక లారీ అంత. అంత పొడవు తరంగానికి తీగా, గుంజా చాలు. పైగా ఆ రోజుల్లో అంత తక్కువ ఫ్రీక్వెన్సీలో ఆకాశాన్ని శ్రద్ధగా చూసినవాళ్ళు ప్రపంచంలోనే కొద్దిమంది. తక్కువ ఖర్చు, తక్కువ పోటీ. తరువాతి కాలంలో ద్వారకానాథ్, ఉదయశంకర్ ఈ టెలిస్కోపుతోనే 34.5 మెగాహెర్ట్జ్‌లో ఆకాశపటం తయారుచేసి 1990లో ప్రచురించారు.

చౌక బేరంలో ఒక లొసుగు ఎప్పుడూ ఉంటుంది. ఆ ఫ్రీక్వెన్సీ పక్కనే షార్ట్‌వేవ్ రేడియోల సంత. భూమికి పైన విద్యుత్ కణాల పొర ఒకటుంది, అయనోస్ఫియర్. షార్ట్‌వేవ్ రేడియో ఖండాలు దాటేది దాని పుణ్యమే. వేసిన బంతిని గోడ తిప్పికొట్టినట్టు, అది తరంగాలను కిందికి తిప్పికొడుతుంది. సూర్యుడి మీద మచ్చలు పెరిగిన ఏళ్ళలో పగటిపూట ఆ పొర ఇంకా చిక్కబడి, మామూలుగా జారిపోయే ఫ్రీక్వెన్సీలను కూడా వెనక్కి పంపుతుంది. అప్పుడు వేల కిలోమీటర్ల అవతల ఎవరో ఎవరితోనో మాట్లాడుకునే మాటలు గౌరిబిదనూరు పందిట్లో వచ్చి వాలతాయి. నక్షత్రాలను వినాలంటే రాత్రి కావాలన్నది కంటికే కాదు, ఇలాంటి చెవికీ వర్తిస్తుంది.

ఇక దగ్గరి రొద సంగతి ఈ నేల మీద పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మా జేజినాయనకు సాయంత్రం వార్తలంటే ప్రాణం. సరిగ్గా అప్పుడే త్రీఫేజు కరెంటు వచ్చేది. చేన్లలో మోటార్లు ఒక్కొక్కటే అందుకునేవి. రేడియో గర్రుమనేది.

"రేయ్ అబ్బోడా, బాయికాడికి పోయి మోటారు ఆపి రాపో" అనేవాడు ఆయన.

నేను లేవబోతుంటే చెవి రేడియోకి ఆనించి, "ఉండుండు, ఇది మనది గాదు. మనదైతే గొంతు బొంగురుగా ఉంటాది. ఇది పైచేను వాళ్ళది" అని నన్ను కూచోబెట్టేవాడు. చాలాసార్లు ఆయన చెప్పిందే నిజమయ్యేది. ఈ భాగమంతా చెప్పబోయేది జేజినాయన విద్య గురించే. పై లోకపు గొంతు ఎలా ఉంటుందో ఎవరూ విన్నది లేదు. తెలిసిందల్లా మన మోటార్ల గొంతు.

అసలు రేడియో ఖగోళశాస్త్రం పుట్టిందే ఇలాంటి గర్రు చప్పుడును వెతకబోయి. 1930ల మొదట్లో అమెరికాలో బెల్ టెలిఫోన్ సంస్థ అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా రేడియో టెలిఫోను నడుపుతోంది. అందులో గరగర ఎక్కడినుంచి వస్తోందో తేల్చమని కార్ల్ జాన్‌స్కీ అనే కుర్ర ఇంజినీరుకు పని అప్పగించారు. అతను న్యూజెర్సీలో ఒక పొలంలో పొడుగాటి యాంటెన్నాను పాత ఫోర్డు కారు చక్రాల మీద నిలిపి గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు. 20.5 మెగాహెర్ట్జ్, మన గౌరిబిదనూరుకు ఎంతో దూరం కాదు. దొరికిన గోలను మూడు కుప్పలు పోశాడు. దగ్గరి ఉరుములు. దూరపు ఉరుములు. మూడోది ఏమిటో తెలియని సన్నని బుసబుస.

మొదట్లో ఆ బుసబుస సూర్యుడి నుంచి వస్తోందనుకున్నాడు, ఎందుకంటే అది సూర్యుడున్న దిక్కులోనే వినబడింది. నెలలు గడిచేకొద్దీ అది సూర్యుణ్ణి విడిచి పక్కకు జరిగిపోయింది. రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా వస్తోంది. లెక్క వేస్తే 24 గంటలకు కాదు, 23 గంటల 56 నిమిషాలకు ఒకసారి. 1933లో అతను తేల్చిన మాట, ఆ చప్పుడు పాలపుంత నడిబొడ్డు దిక్కు నుంచి వస్తోందని.

ఈ నాలుగు నిమిషాల సంగతి మన రైతులకు కొత్త కాదు. గడియారం లేని రోజుల్లో గొర్రుకొయ్యలు ఎక్కడున్నాయి, పిల్లలకోడి ఎంత ఎత్తుకొచ్చింది అని చూసి కపిలకు ఎద్దులు కట్టేవాళ్ళు. ఇవాళ పొద్దుగూకగానే తూర్పున పొడిచిన చుక్క రేపు నాలుగు నిమిషాలు ముందే పొడుస్తుంది, నెలకు రెండు గంటలు ముందు. భూమి తన చుట్టూ తాను తిరుగుతూనే సూర్యుడి చుట్టూ కూడా నడుస్తోంది కాబట్టి చుక్కల రోజు మన రోజు కన్నా ఆ కాస్త పొట్టి. మోటారు మాత్రం కరెంటు టైముకే వస్తుంది. ఫ్యాక్టరీ సైరను షిఫ్టు టైముకే మోగుతుంది. మనిషి సూర్యుడి గడియారంతో బతుకుతాడు, ఆకాశం చుక్కల గడియారంతో నడుస్తుంది. ఒక చప్పుడు ఏ గడియారం చూసుకుని వస్తోందో కనిపెడితే సగం పని అయిపోయినట్టే.

సగమే. మిగతా సగానికి కేంబ్రిడ్జి వెళ్ళాలి.

1967 వేసవి. జోసెలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని నాలుగున్నర ఎకరాల మేర తోటివాళ్ళతో కలిసి గుంజలు పాతి, తీగలు లాగి కట్టిన టెలిస్కోపు అది. అదీ ఒక పందిరే, గౌరిబిదనూరుకు అక్కలాంటిది. 81.5 మెగాహెర్ట్జ్ మీద వింటుంది. దాని పక్కన పెన్ను ఒకటి రోజుకు వంద అడుగుల దాకా కాగితం మీద గీతలు గీస్తుంది. ఆ కాగితమంతా కంటితో వెతకడం ఆ అమ్మాయి పని. కొద్ది వారాల్లోనే ఏ గీత నక్షత్రానిది, ఏది పోలీసు వైర్‌లెస్‌ది, ఏది దారిన పోయే బండి ఇంజనుదో చూడగానే చెప్పగలిగే స్థితికి వచ్చింది. జేజినాయన పద్ధతే. అలా చూస్తుండగా ఎక్కడో పావు అంగుళం మేర ఒక గజిబిజి గీత తగిలింది. నక్షత్రంలా లేదు, మనిషి రొదలానూ లేదు. ఇదివరకు ఇదే చోట ఇలాంటిదే చూశానే అని జ్ఞాపకం వచ్చి పాత చుట్టలు విప్పింది. ఉంది. చుక్కల గడియారం ప్రకారం వస్తోంది.

నవంబరు 28న కాగితాన్ని వేగంగా నడిపి చూస్తే ఆ గజిబిజి విడిపోయింది. టిక్, టిక్, టిక్. 1.33 సెకన్లకు ఒకటి, గోడ గడియారం సిగ్గుపడేంత నికరంగా. ఆమె గురువు ఆంటొనీ హ్యూయిష్ మొదటి మాట, ఇది మనిషి చేసిందే అయ్యుంటుందని. అలా అనుకోవడంలో తప్పు లేదు. అప్పటికి తెలిసిన ఏ నక్షత్రమూ అలా టిక్కుమనలేదు.

అక్కడినుంచి వాళ్ళు చేసింది వరుసగా ముద్దాయిలను ఒక్కొక్కరినే విచారించి వదిలేయడం. చంద్రుడికి తగిలి తిరిగొచ్చే రాడార్ తరంగమా? కాదు. ఏదైనా ఉపగ్రహమా? కాదు. టెలిస్కోపుకు దక్షిణాన ఒక రేకుల షెడ్డు ఉంది, దాని వింత ప్రతిధ్వనా? కాదు. చుక్కల గడియారం ప్రకారం నడిచే మనుషులు లోకంలో ఒక్క తెగవాళ్ళే ఉన్నారు, వాళ్ళు ఖగోళ శాస్త్రవేత్తలు. అందుకని వేరే అబ్జర్వేటరీల వాళ్ళు ఏమైనా ప్రయోగాలు చేస్తున్నారా అని కూడా అడిగారు. లేదన్నారు. యంత్రంలోనే లోపమా? ఇంకో టెలిస్కోపుతో వింటే అక్కడా వినబడింది. చివరికి వెక్కిరింతగానే అయినా దానికి చిన్న పచ్చ మనుషులు అని పేరు పెట్టుకున్నారు.

పచ్చ మనుషులే అయితే వాళ్ళు ఏదో గ్రహం మీద ఉండాలి, ఆ గ్రహం తన సూర్యుడి చుట్టూ తిరుగుతుండాలి. మన వైపు వచ్చేటప్పుడు టిక్కులు దగ్గరపడాలి, దూరం పోయేటప్పుడు విడిపోవాలి. హ్యూయిష్ కొలిచాడు. దొరికింది మన భూమి కదలిక ఒక్కటే, అవతలి గ్రహం కదలిక జాడ లేదు. ఈలోగా క్రిస్మస్ ముందు జోసెలిన్ బెల్ పాత కాగితాల్లో ఆకాశంలో ఇంకో మూల ఇలాంటిదే మరొకటి పట్టింది. రెండు వేర్వేరు లోకాల పచ్చ మనుషులు కూడబలుక్కుని ఒకే సమయంలో, ఒకే భూమికి, ఒకే ఫ్రీక్వెన్సీలో కబురు పెడతారా? అవి పల్సార్లు, గిరగిర తిరిగే న్యూట్రాన్ నక్షత్రాలు. 1968 ఫిబ్రవరిలో ప్రపంచానికి చెప్పారు. 1974 నోబెల్ బహుమతి హ్యూయిష్‌కు, కేంబ్రిడ్జిలోనే ఆయన పై అధికారి మార్టిన్ రైల్‌కు వచ్చింది. కాగితం చూసి గీతను గుర్తుపట్టిన అమ్మాయికి రాలేదు. ఆమె దాని మీద రచ్చ చేయలేదు గానీ, నాకు మాత్రం అది ఇప్పటికీ మింగుడుపడదు.

పల్సార్ సహజం కాబట్టి తేలిపోయింది. ఇప్పుడు అసలు చిక్కు చూడండి. ప్రకృతి గొంతు ఎప్పుడూ వెడల్పు. నక్షత్రమైనా, మేఘమైనా, ఉరుమైనా ఒకేసారి ఎన్నో ఫ్రీక్వెన్సీల మీద మాట్లాడుతుంది. ప్రకృతిలో దొరికే అతి సన్నని రేడియో గీత కూడా కొన్ని వందల హెర్ట్జ్ వెడల్పు ఉంటుంది. సూది మొనలా ఒకే హెర్ట్జ్ మీద నిలిచే గీత యంత్రం పని. కనుక పై లోకపు మనుషులను వెతికేవాళ్ళు ఆ సూది మొననే వెతుకుతారు. కానీ మన యంత్రాలన్నీ పలికేది కూడా అలాంటి సూది మొనలే. అంటే వెతికే వస్తువు, తోసిపుచ్చవలసిన చెత్త అచ్చు ఒకే పోలిక.

ఈ దెబ్బ మొదటి రోజే తగిలింది. 1960 ఏప్రిల్ 8న అమెరికాలో గ్రీన్‌బ్యాంక్ దగ్గర ఫ్రాంక్ డ్రేక్ 85 అడుగుల పళ్ళెంతో రెండు దగ్గరి నక్షత్రాలను వినడం మొదలుపెట్టాడు. మొదటిదాంట్లో ఏమీ లేదు. రెండోది ఎప్సిలాన్ ఎరిడానీ. దాని వైపు తిప్పాడో లేదో టపటపా సంకేతం. గుండె ఆగినంత పనయింది. పళ్ళేన్ని పక్కకు తిప్పి, మళ్ళీ నక్షత్రం మీదకు తెచ్చేసరికి అది మాయమైంది. డ్రేక్ అప్పుడొక తెలివైన పని చేశాడు. పళ్ళెంతో సంబంధం లేకుండా ఒక చిన్న కొమ్ములాంటి యాంటెన్నాను కిటికీలోంచి బయటికి పెట్టాడు. కొన్నాళ్ళకు సంకేతం మళ్ళీ వచ్చినప్పుడు ఆ కొమ్ముకూ వినబడింది. నక్షత్రపు గొంతు అయితే అంత చిన్న కొమ్ముకు అందే ప్రసక్తే లేదు. పైన ఏదో విమానం పోతోంది, అంతే. ఆనాటి పద్ధతే ఇప్పటికీ పనికొస్తోంది. కాసేపు నక్షత్రం వైపు, కాసేపు పక్కకు, మళ్ళీ నక్షత్రం వైపు. పక్కకు తిప్పినా వినబడితే అది మన ఇంటిదే.

ప్రచ్ఛన్న యుద్ధపు రోజులు కదా, సోవియట్లు ఊరుకుంటారా? 1965 ఏప్రిల్‌లో సీటీఏ-102 అనే రేడియో వనరు వెలుగు హెచ్చుతగ్గులవుతోందనీ, అది నాగరికత గల జీవుల పని కావచ్చనీ మాస్కో నుంచి వార్త పొక్కింది. అది క్వేజార్ అని, ఎక్కడో దూరపు గెలాక్సీ గుండె అని తేలింది. ఆ తరువాత కూడా ఈ పేరు మీద అమెరికా కుర్రాళ్ళు పాట కట్టే దాకా సంగతి వెళ్ళింది. 1977 ఆగస్టు 15న ఒహాయోలో బిగ్ ఇయర్ టెలిస్కోపు పట్టిన 72 సెకన్ల సంకేతం మాత్రం వేరే తరహా. కాగితం చూసిన జెర్రీ ఎమన్ దాని పక్కన ఎర్ర సిరాతో వావ్ అని రాశాడు. ఆ టెలిస్కోపు కదలదు, భూమి తిరుగుతుంటే ఆకాశమే దాని ముందు నుంచి జరిగిపోతుంది. ఒక నక్షత్రం దాని ముందు నిలిచే కాలం సరిగ్గా ఆ 72 సెకన్లే, పెరుగుదలా తరుగుదలా కూడా నక్షత్రం పోకడే. అంటే చుక్కల గడియారం పరీక్షలో అది నెగ్గింది. మళ్ళీ రాలేదు కాబట్టి రెండో పరీక్షకు కూర్చోలేదు.

మన కాలంలో జరిగిన ముచ్చట ఇంకా గమ్మత్తు. 2019 ఏప్రిల్, మే నెలల్లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపు మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ వైపు చూస్తోంది. ఆ రికార్డుల్లో 982.002 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక సూది మొన దొరికింది. నక్షత్రం వైపు చూస్తే ఉంది, పక్కకు తిప్పితే లేదు. ఇంకో మంచి లక్షణమూ ఉంది, ఫ్రీక్వెన్సీ మెల్లగా జరుగుతోంది. భూమి తిరుగుతోంది కాబట్టి బయటినుంచి వచ్చే ఏ సన్నని గీతైనా అలా జరగాలి. గౌరిబిదనూరు అక్షాంశంలో ఉన్న టెలిస్కోపుకైతే 1420 మెగాహెర్ట్జ్ మీద భూభ్రమణం వల్ల ఆ జరుగుడు సెకనుకు హెర్ట్జ్‌లో ఆరో వంతు దాకా ఉంటుంది. మన పక్కనే నేల మీద కూర్చున్న యంత్రం గీత అలా జరగదు, మనతోపాటే తిరుగుతుంది కనుక. రెండు పరీక్షలూ నెగ్గిన ఆ సంకేతం గురించి 2020 డిసెంబరులో పత్రికలకు ఉప్పందింది. లోకం ఊగిపోయింది.

సోఫియా షేఖ్ అనే యువ శాస్త్రవేత్త బృందం ఊగలేదు. పక్క ఫ్రీక్వెన్సీల్లో వెతికింది. అదే వాలుతో, అదే నడకతో డజన్ల కొద్దీ చెల్లెళ్ళు దొరికాయి. వాటిలో కొన్ని పక్కకు తిప్పినప్పుడూ వినబడుతున్నాయి. వాటి మధ్య ఎడం చూస్తే ఎలక్ట్రానిక్ పరికరాల్లో మామూలుగా వాడే గడియారపు స్ఫటికాల లెక్కలకు సరిపోతోంది. ఏదో పరికరం ఫ్రీక్వెన్సీని మెల్లగా జార్చుతోంది. 2021లో తీర్పు వచ్చింది. మన మోటారే.

అదే పార్క్స్‌లో ఇంకో కథ జరిగింది. అక్కడ ఏళ్ళ తరబడి పెరిటాన్ అనే వింత పేలుళ్ళు వినబడుతుండేవి. చూడబోతే దూరపు గెలాక్సీల నుంచి వచ్చినట్టే ఉండేవి. కానీ పేలుళ్ళు ఎక్కువగా పనిరోజుల్లో, అదీ మధ్యాహ్న భోజనం వేళకు వచ్చేవి. ఆకాశానికి ఆకలి వేళ ఏమిటి? 2015లో ఎమిలీ పెట్రాఫ్ బృందం గుట్టు విప్పింది. వంటింట్లో మైక్రోవేవ్ పొయ్యి ఆగేలోపే ఎవరో ఆత్రంగా తలుపు లాగితే ఒక్క క్షణం అది బయటికి అరుస్తోంది. ఈ పెరిటాన్ల వల్లనే 2007లో దొరికిన నిజమైన దూరపు పేలుడును కూడా చాలామంది ఏళ్ళ తరబడి నమ్మలేదు. పెసరట్టు వేడి చేసుకోవడం కూడా విజ్ఞానశాస్త్రాన్ని వెనక్కి లాగగలదన్నమాట.

గౌరిబిదనూరుకు తిరిగొద్దాం. ఇక్కడివాళ్ళు పచ్చ మనుషుల జోలికి పోలేదు, పల్సార్లను విన్నారు. తక్కువ ఫ్రీక్వెన్సీ అనే లొసుగే ఇక్కడ వరమైంది. నక్షత్రాల మధ్య ఖాళీ నిజంగా ఖాళీ కాదు, పల్చగా ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఆ పల్చటి బురదలో నడిచి వచ్చే తరంగం ఆలస్యమవుతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీ అయితే మరీ ఆలస్యం. దేశ్‌పాండే, రాధాకృష్ణన్ ఇక్కడ విన్న పల్సార్లలో ఒకటి 0943+10. అది 1.1 సెకన్లకు ఒకసారి తిరుగుతుంది. 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్క మెగాహెర్ట్జ్ ఎడంలో పై అంచుకూ కింది అంచుకూ మధ్య ఆలస్యం దాదాపు 3 సెకన్లు. అంటే ఒక టిక్కు కింది అంచుకు చేరేలోపు పై అంచున ఇంకో రెండు టిక్కులు వచ్చేసి ఉంటాయి. విప్పి చూడడానికి తలనొప్పే. కానీ అంత ఆలస్యాన్ని హిందూపురంలోని ఏ వెల్డింగు షాపూ, ఏ ఆటో స్పార్కు ప్లగ్గూ నటించలేదు. అవి రేగితే అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ ఒకేసారి రేగుతాయి. దూరం నడిచి వచ్చిన మనిషి కాళ్ళకు దుమ్ము అంటినట్టు, దూరపు తరంగానికి ఈ ఆలస్యం అంటుకుని వస్తుంది. 2015లో యోగేశ్ మాన్ గౌరిబిదనూరు పరిశీలనల్లో దొరికిన కొన్ని పేలుళ్ళకు ఈ దుమ్మును చూసే అవి ఆకాశానివని, జెమింగా అనే మూగ పల్సార్‌వని రుజువు చేశాడు.

దుమ్ము అంటని సంకేతాన్ని వెతకవలసి వస్తే? అది చుక్కలాంటిది కాదు, ఆకాశమంతా పరుచుకున్నది అయితే? పక్కకు తిప్పి చూసే వీలే లేకపోతే?

రామన్ పరిశోధనా సంస్థలో సారస్ అనే ప్రయోగం ఎదుర్కొన్నది అలాంటి పనినే. విశ్వంలో తొలి నక్షత్రాలు వెలిగిన కాలపు హైడ్రోజన్ గుసగుస అది. పుట్టినప్పుడు 1420 మెగాహెర్ట్జ్. విశ్వం సాగి సాగి, మనల్ని చేరేసరికి 200 మెగాహెర్ట్జ్ కిందికి జారింది. అంటే సరిగ్గా మన ఎఫ్ఎం రేడియో, విమానాల సంభాషణ, పోలీసు వైర్‌లెస్, అప్పట్లో దూరదర్శన్ ఉన్న సంతలోకి. సారస్ మొదటి రూపం గౌరిబిదనూరులోనే పరీక్షకు నిలిచింది. అప్పటికి 1976 నాటి నిశ్శబ్దం లేదు. బెంగళూరు ఉత్తరానికి పాకింది, సెల్ టవర్లు లేచాయి, ప్రతి ఇంట్లో చవక ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు.

నిశ్శబ్దం వెతుక్కుంటూ వాళ్ళు ఉత్తరానికి వచ్చారు. మన వైపు. పెనుకొండ దాటి ధర్మవరం చేరే లోపు చెన్నేకొత్తపల్లి మండలంలో టింబక్టు అనే చోటు ఉంది. 1990లో మేరీ వట్టమట్టం, బబ్లూ గంగూలీ మొదలుపెట్టిన టింబక్టు కలెక్టివ్ ఒకప్పుడు బోడి గుట్టలుగా, బీడుగా ఉన్న భూమిలో అడవిని మళ్ళీ మొలిపించింది. చుట్టూ కొండలు. 1565లో తళ్ళికోట తరువాత విజయనగర రాజులు కొండల అండ చూసుకుని పెనుకొండకు రాజధాని మార్చారు. నాలుగున్నర శతాబ్దాల తరువాత ఒక యాంటెన్నా కూడా ఇదే సీమలో కొండల చాటుకు చేరింది. రాజులకు కొండలు శత్రువుల గుర్రాలను ఆపాయి. యాంటెన్నాకు ఎఫ్ఎం పాటలను అడ్డుకున్నాయి, పూర్తిగా కాకపోయినా.

పళ్ళెం మీద బంతిని నిలబెట్టినట్టుండే చిన్న యాంటెన్నా అది. దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టెలను దగ్గర ఉంచలేదు. వంద మీటర్ల ఆప్టికల్ ఫైబరు లాగి దూరంగా పెట్టారు, ఎందుకంటే వినే యంత్రం కూడా గొణుగుతుంది. తన గొణుగుడు తనకే వినబడితే దాన్ని ఆకాశం అనుకునే ప్రమాదం ఉంది. రాత్రివేళల్లో 63 గంటలు విన్నారు. కొండలు ఆపినా, పైన పోయే ఉపగ్రహాన్ని కొండ ఆపలేదు. 137 మెగాహెర్ట్జ్ దగ్గర ఉపగ్రహాల కబుర్లు ఉంటాయి, ఆకాశంలో విమానం పోతే దాని పొట్టకు తగిలి దూరపు స్టేషన్ల తరంగాలు లోయలోకి జారుతాయి. వాటన్నిటినీ గుర్తుపట్టి, కత్తిరించి, మిగిలిన నున్నటి ఆకాశపు బుసబుసలో వెతికారు. బియ్యంలో రాళ్ళు ఏరడం కాదిది. బస్తాడు రాళ్ళు ఏరేశాక అడుగున ఒక్క నూక ఉందో లేదో చూడడం.

సౌరభ్ సింగ్, రవి సుబ్రహ్మణ్యన్ తదితరుల ఆ మొదటి ఫలితాలు 2017లో వెలువడ్డాయి. గుసగుస దొరకలేదు. అది ఫలానా విధంగా గట్టిగా ఉండి ఉంటే ఇక్కడ వినబడి తీరాలి కాబట్టి, అలా ఉంటుందని చెప్పిన కొన్ని సిద్ధాంతాలు టింబక్టు లోయలోనే కొట్టుకుపోయాయి. రెండేళ్ళకు పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ తెరుచుకుంది. పని దొరికినవాళ్ళకు పండుగే. నిశ్శబ్దం వెతికేవాళ్ళు మాత్రం పటం ముందేసుకుని ఇంకో చోటు చూసుకోవలసిన రోజులు.

ఈలోగా 2018 వేసవి ముంగిట్లో ఆస్ట్రేలియా ఎడారి నుంచి ఒక కబురు వచ్చింది. ఎడ్జెస్ అనే అమెరికన్ బృందం 78 మెగాహెర్ట్జ్ దగ్గర తొలి నక్షత్రాల జాడ దొరికిందని ప్రకటించింది. అది ఎవరూ ఊహించనంత లోతుగా ఉంది. నిజమైతే భౌతికశాస్త్రం పుస్తకాలు తిరగరాయాలి. ఆకాశానిది కాకపోతే మరి ఎవరిది? టీవీలదీ కాదు, ఎఫ్ఎందీ కాదు. బెంగళూరులో అనుమానం ఇంకోదాని మీద పడింది, యాంటెన్నా కింద ఉన్న నేల మీద. దాన్ని తేల్చడానికి సారస్ మూడోసారి బయలుదేరింది. ఈసారి కొండల చాటుకు కాదు, తెప్ప మీద, చెరువు నడుమకు. ఆ పోటీ కథ వచ్చే భాగంలో.